కరువులో నదిలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంటే ఏం చేయాలి?

నది సన్నబడగానే సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "నీళ్లు ఉప్పగా వస్తున్నాయి, ఎలా ఆపాలి?" ఈ ప్రశ్న ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది. నాలుకకు ఉప్పు తగిలే నాటికి నది అడుగున ఉప్పునీరు చాలా దూరం వచ్చేసి ఉంటుంది. నీళ్లు ఇంకా తియ్యగా ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.

నది నీటిని తోడి ఊరికి సరఫరా చేసే సిబ్బంది, కాలువ తూములు చూసుకునే నీటి సంఘాలవాళ్లు, నదిలో మోటారు పెట్టి సాగు చేసే రైతులు, ముగ్గురికీ పనికొచ్చేలా రాస్తున్నాను. నదికి అడ్డంగా కట్ట వేయడం ప్రభుత్వ శాఖల పని. అయినా అది ఎక్కడ వేస్తున్నారో, ఎప్పుడు తీస్తారో అడగాలంటే దాని సంగతి మీకూ తెలిసి ఉండాలి.

ముందు రెండు విషయాలు

సముద్రపు నీరు బరువు. లీటరు మంచినీరు కిలో తూగితే, లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. అందుకే అది పైన కాకుండా, మంచినీటి కింద పలచని నాలుకలా నది అడుగు పట్టుకుని ఎగువకు పాకుతుంది. నది ప్రవాహం దాన్ని కిందికి నెడుతుంది, సముద్రపు పోటు పైకి తోస్తుంది. ఉప్పును నిజంగా వెనక్కి పంపగలిగేది నది ప్రవాహం ఒక్కటే. కట్టలు, తూములు, చెరువులు, మోటారు వేళలు అన్నీ మనకు నాలుగు రోజులో నాలుగు వారాలో గడువు తెచ్చిపెడతాయి, అంతే. కానీ కరువులో ఆ గడువే ఊరిని నిలబెడుతుంది.

రెండోది, చెడిపోవడానికి ఎంత కొంచెం చాలో గుర్తుంచుకోండి. లీటరు సముద్రపు నీటిలో క్లోరైడు సుమారు 19,000 మిల్లీగ్రాములు ఉంటుంది. తాగునీటిలో అది 250 దాటితే రుచి తేడా తెలుస్తుంది. అంటే 100 లీటర్ల మంచినీటికి లీటరుంపావు సముద్రపు నీరు తోడైతే చాలు, హద్దు దగ్గరికి వచ్చేసినట్టే.

కావలసినవి

- ఇ.సి. (విద్యుత్ వాహకత, నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది) మీటరు, దాన్ని సరిచూసే 1,413 మైక్రోసీమెన్స్ ద్రావణం
- క్లోరైడు పరీక్ష కిట్టు (సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసేది)
- అడుగు నీళ్లు తీయడానికి బరువు కట్టిన సీసా, మీటరుకో ముడి వేసిన తాడు
- పోటుపాట్ల పట్టిక, ఒక నోటుపుస్తకం, పడవ
- మోటారు ఫుట్‌వాల్వ్‌ను (నీళ్లలో మునిగి ఉండే సక్షన్ పైపు చివరి కవాటాన్ని) తేల్చడానికి మూత బిగించిన ఖాళీ డ్రమ్ములు, వంగే సక్షన్ పైపు
- తూముల రబ్బరు సీళ్లు, ఇసుక బస్తాలు
- ఎగువన జలాశయం చూసుకునే అధికారులతో, మీకు ఎగువా దిగువా నీళ్లు తోడేవాళ్లతో మాట్లాడుకోవడానికి ఒక ఫోన్ జాబితా

మీటరు కొనే స్తోమత లేకపోతే క్లోరైడు కిట్టు ఒక్కటైనా ఉండాలి. రుచి చూసి నిర్ణయించడం ప్రత్యామ్నాయం కాదు. రోజూ అవే నీళ్లు తాగేవాళ్ల నాలుక ఉప్పుకు అలవాటు పడిపోతుంది.

1. మీ హద్దులు ముందే రాసిపెట్టుకోండి

గొడవ మొదలయ్యాక కూర్చుని "ఎంత దాటితే మోటారు ఆపాలి" అని చర్చించడం కుదరదు. మూడు అంకెలు ముందే గోడ మీద రాయండి. ఇక్కడి నుంచి ఇ.సి. అంకెలన్నీ సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్‌లో, క్లోరైడు అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో.

మొదటిది హెచ్చరిక. మంచి ప్రవాహం ఉన్నప్పుడు మీ నది ఇ.సి. ఎంతో చూసుకోండి. అది 300 ఉండే నది అయితే, 500 దాటగానే రోజుకు ఒక్కసారి కాకుండా ప్రతి పోటుకూ కొలవడం మొదలుపెట్టండి.

రెండోది ఆపే అంకె. అలాంటి నదిలో ఇ.సి. 1,000 చుట్టుపక్కలకు వస్తే క్లోరైడు 250 దగ్గర పడినట్టు అనుకోవచ్చు. ఇది అంచనా మాత్రమే, మీ నదికి అసలు అంకె క్లోరైడు కిట్టుతో పోల్చి తేల్చుకోవాలి. సాగుకైతే ఎఫ్.ఏ.ఓ. (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం ఇ.సి. 700 లోపు నీటితో ఇబ్బంది లేదు, 700 నుంచి 3,000 మధ్య పంటను బట్టి జాగ్రత్త అవసరం, 3,000 దాటితే నష్టం తీవ్రం. వరికి 2,000 దాటిన నీరు పెడితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. నారు దశలోనూ, పొట్ట దశలోనూ అది ఇంకా తొందరగా దెబ్బతింటుంది.

మూడోది ప్రవాహం అంకె. ప్రతి నదికీ ఒక హద్దు ఉంటుంది, ప్రవాహం దానికంటే తగ్గితే ఉప్పు కదలడం మొదలవుతుంది. అమెరికాలోని మిసిసిపీలో అది సెకనుకు దాదాపు 3 లక్షల ఘనపుటడుగులు. మీ నదికి ఎంతో గత వేసవుల రికార్డుల్లో దొరుకుతుంది: ఉప్పు వచ్చిన సంవత్సరాల్లో అంతకు పది పదిహేను రోజుల ముందు ఎగువ గేజీ (నీటి కొలత కేంద్రం) దగ్గర ప్రవాహం ఎంతుందో చూడండి.

2. అడుగున కొలవండి

ఈ మెట్టు సరిగ్గా చేయకపోతే మిగతావన్నీ వృథా. గట్టు మీద నిలబడి చేయి చాచి నీళ్లు ముంచుకుని కొలిస్తే మీటరు 400 చూపిస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అదే చోట 6 మీటర్ల లోతున 5,000 ఉండొచ్చు.

అడుగు నీళ్లు తీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక గాజు సీసా అడుగుకు బరువు కట్టండి. మూతికి బిరడా పెట్టి, బిరడాకు విడిగా ఒక సన్నతాడు కట్టండి. సీసాను పెద్ద తాడుతో ముడులు లెక్కపెట్టుకుంటూ దించి, అడుగు తగిలాక అర మీటరు పైకి లాగండి. లేకపోతే బురద లోపలికి వస్తుంది. ఇప్పుడు సన్నతాడును ఒక్క గుంజు గుంజితే బిరడా ఊడుతుంది. పైన బుడగలు వచ్చి ఆగేదాకా ఉండి, ఆగగానే గబగబా లాగేయండి. నిండిన సీసాలోకి దారిలో పైనీళ్లు పెద్దగా చేరవు.

ప్రతి చోటా మూడు లోతుల్లో తీయండి: పైన, మధ్యన, అడుగున. నది మధ్యలో, అంటే పడవలు నడిచే లోతు చాలులోనే తీయండి. ఒడ్డు పక్కన తీసిన అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది. మీ మోటారు నుంచి దిగువకు కనీసం మూడు నాలుగు చోట్ల కొలవాలి, అప్పుడే ఉప్పు ఎంత దూరంలో ఉందో, రోజుకు ఎంత జరుగుతోందో తెలుస్తుంది. అమెరికాలోని డెలావేర్ నదిలో 250 మిల్లీగ్రాముల క్లోరైడు ఎక్కడుందో ఆ చోటునే ఉప్పు అంచుగా లెక్కగట్టి, 7 రోజుల సగటుతో గమనిస్తారు. 1964 నవంబరులో కరువు ముదిరినప్పుడు అది ఫిలడెల్ఫియా నగరం నీళ్లు తీసుకునే చోటికి దాదాపు 8 మైళ్ల దాకా వచ్చింది. ఉప్పు ఎంత దూరంలో ఉందో తెలిసినప్పుడే ఎంత గడువుందో తెలుస్తుంది.

మడుగులు వేరుగా చూడండి. మలుపుల దగ్గర నది కోసుకుపోయి ఏర్పడిన లోతు గుంటల్లో ఉప్పునీరు దిగి, పాటు వచ్చినా బయటికి పోకుండా అలాగే ఉండిపోతుంది. నీళ్లు ఎప్పుడూ ఉంటాయన్న ఉద్దేశంతో మోటారు పెట్టేది కూడా సరిగ్గా ఆ మడుగులోనే. మీ ఇన్‌టేక్ (నీళ్లు తోడే చోటు) మడుగులో ఉంటే మీకు ఉప్పు అందరికంటే ముందు వస్తుంది, అందరికంటే ఆలస్యంగా పోతుంది.

*మీటరు సరిగా ఉందా?* 1,413 ద్రావణంలో ముంచి వారానికోసారి చూసుకోండి. ద్రావణం దొరకకపోతే లీటరు డిస్టిల్డ్ నీటిలో గ్రాము ఉప్పు కచ్చితంగా తూచి కరిగించండి, 25 డిగ్రీల దగ్గర సుమారు 2,000 చూపించాలి. బాగా తేడా ఉంటే ఎలక్ట్రోడు కడిగి మళ్లీ చూడండి. నీటి వేడి ఒక డిగ్రీ మారితే రీడింగు సుమారు 2 శాతం మారుతుంది కాబట్టి ఉష్ణోగ్రతను తనంతట తానే సరిచేసుకునే మీటరే తీసుకోండి.

3. పోటుపాట్లతో జత చేసి రాయండి

వేళ రాయని రీడింగుకు విలువ లేదు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అందువల్ల రోజురోజుకూ పోటు వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మీరు రోజూ ఉదయం 8కే కొలుస్తుంటే ఒక వారం పోటు, మరో వారం పాటు కొలుస్తున్నారన్నమాట. ఉప్పు తగ్గిందని సంబరపడ్డ వారంలో నిజంగా తగ్గింది ఏమీ ఉండకపోవచ్చు.

ఒక్కసారైనా పూర్తి 25 గంటలు, గంటకోసారి కొలవండి. వంతులేసుకుని చేయాల్సిన పని, నిద్ర పోతుంది, కానీ ఆ ఒక్క పట్టికతో మీ నది నడక చేతికొస్తుంది. ఉప్పు అత్యధికంగా ఉండేది పోటు ఎత్తు మీదున్నప్పుడు కాదు, దాని తర్వాత నీళ్లు కదలకుండా నిలబడే సమయంలో (పోటు నిలకడలో). కొన్ని చోట్ల ఈ ఆలస్యం కొద్ది నిమిషాలే, కొన్ని చోట్ల గంటకు పైనే. మీ దగ్గర ఎంతో మీ పట్టికే చెబుతుంది.

అమావాస్య, పౌర్ణమి పోట్లే ప్రమాదం అని అందరూ అనుకుంటారు. నీళ్లు పైనుంచి కిందికి బాగా కలిసిపోయే వెడల్పాటి, లోతు తక్కువ నదీముఖాల్లో అది నిజమే. ఉప్పు అడుగున విడిగా పారే లోతైన నదుల్లో మాత్రం అష్టమి రోజుల బలహీనమైన పోట్లలోనే అడుగు ఉప్పు ఎక్కువ దూరం వస్తుంది, ఎందుకంటే దాన్ని చెదరగొట్టే కదలిక అప్పుడు ఉండదు. మీది ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. పై రీడింగు, అడుగు రీడింగు దగ్గరదగ్గరగా ఉంటే మొదటి రకం, చాలా తేడా ఉంటే రెండోది. సముద్రం నుంచి నేల మీదికి గట్టి గాలి వీచే రోజుల్ని రెండు రకాల్లోనూ ప్రమాదకరంగానే లెక్కపెట్టండి.

4. తోడే వేళలు, తోడే లోతు మార్చండి

ఇది దాదాపు ఖర్చు లేని మెట్టు. పాటు చివర, నీళ్లు కిందికి పోయి ఆగే ముందు ఉండే గంటల్లోనే మోటారు వేయండి. పట్టిక చూసి వేయడం కంటే మీటరు చూసి వేయడం మేలు: ఆపే అంకె కిందికి దిగగానే మొదలు, మళ్లీ ఎక్కగానే ఆపు. ఆ కొద్ది గంటల్లో రోజుకు సరిపడా నీళ్లు సంపులోకి రావాలి కాబట్టి సంపు పెద్దదిగా ఉండాలి.

ఫుట్‌వాల్వ్‌ను డ్రమ్ముల మీద తేలించి, నీటిమట్టానికి అర మీటరు నుంచి మీటరు లోతులో వేలాడదీయండి. మట్టం పెరిగినా తగ్గినా అది నీళ్లతోపాటే కదులుతుంది. అంతకంటే పైకి తెస్తే సుడి తిరిగి గాలి లాగేస్తుంది, పంపు దెబ్బతింటుంది.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఉంది. మంచినీళ్లు వచ్చే గంటలు తక్కువని పెద్ద మోటారు బిగించి గట్టిగా లాగుతారు. అంత గట్టిగా లాగితే పైపు కింద ఉన్న ఉప్పు పొర పైకి లేచి లోపలికి వచ్చేస్తుంది. ఒక పెద్ద మోటారు బదులు రెండు చిన్నవి దూరదూరంగా పెట్టండి. మోటారు వేసిన అరగంటకు, గంటకు డెలివరీ పైపు దగ్గర ఇ.సి. చూడండి. నదిలో పైన 450 ఉండి పైపులో 900 వస్తుంటే మీరు అడుగు నీళ్లు లాగుతున్నట్టే, వేగం తగ్గించండి.

ఇరుగు పొరుగువాళ్లతో వంతులు మాట్లాడుకోవడం కూడా ఈ మెట్టులోదే. ఎగువన ఎంత తోడితే ఉప్పును నెట్టే నీరు దిగువకు అంత తగ్గుతుంది. అందరూ ఒకేసారి తోడితే చివరి ఊరికి ఉప్పే మిగులుతుంది, ఆ ఊరివాళ్లు చేసిన తప్పేమీ లేకుండానే.

5. తూములు, షట్టర్లు

పక్క కాలువల్లోకి పోటు నీళ్లు రాకుండా తూములు మూయడం అందరికీ తెలుసు. ఎప్పుడు మూయాలన్నదే తెలియాలి. పోటు మొదలయ్యాక మూస్తే అడుగు ఉప్పు అప్పటికే లోపలికి వచ్చి ఉంటుంది. పాటు చివర, నీళ్లు తిరగకముందే దించండి. మళ్లీ పాటు బాగా సాగి, బయట ఇ.సి. లోపలి ఇ.సి. కంటే తగ్గినప్పుడే లోపలికి నీళ్లు తీసుకోండి.

షట్టరు దించితే చాలదు, అది కూర్చుందో లేదో చూడాలి. చిన్న కట్టెముక్కో, గుర్రపుడెక్క తీగల ముద్దో గాడిలో ఇరుక్కుంటే వేలెడు సందులోంచి పోటంతా లోపలికి కారుతుంది. మూశాక రెండు గంటలకు షట్టరు లోపలివైపు అడుగున ఇ.సి. కొలవండి. పెరుగుతుంటే సీలు పోయినట్టు, లేదా గాడిలో ఏదో ఉన్నట్టు. అప్పటికప్పుడు లోపలివైపు ఇసుక బస్తాలు పేర్చండి, పాటులో షట్టరు ఎత్తి గాడి శుభ్రం చేయండి.

వారాల తరబడి మూసే ఉంచకండి. లోపలి నీళ్లు నిలవ ఉండి కుళ్లుతాయి, నాచు పడుతుంది, చేపలు చస్తాయి. బయట నీళ్లు బాగున్న ప్రతి పాటులో కాసేపు తెరిచి మార్చండి. పడవల లాకులు (పడవల్ని ఒక మట్టం నుంచి మరో మట్టానికి దాటించే తలుపుల గదులు) ఉన్నచోట ఒక్కో పడవకూ తెరవకుండా నాలుగైదింటిని జమచేసి తెరవండి. లాకు తెరిచిన ప్రతిసారీ ఒక విడత ఉప్పు ఎగువకు ఎక్కుతుంది. నెదర్లాండ్స్‌లో కొన్ని లాకుల దగ్గర అడుగున పైపులు వేసి గాలిబుడగల తెర లేపుతారు, ఉప్పు పూర్తిగా ఆగదు కానీ బాగా తగ్గుతుంది.

6. మంచినీళ్లున్నప్పుడే నిల్వ చేయండి

తాగడానికి, వంటకు మాత్రమే లెక్కేయండి. 5,000 మందికి మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున 30 రోజులకు 30 లక్షల లీటర్లు, అంటే 3,000 ఘనపు మీటర్లు. దీనికి ఆవిరి కలపండి: ఎండ తీవ్రంగా ఉండే చోట్ల రోజుకు 5 నుంచి 8 మిల్లీమీటర్లు పోతుంది, నెలకు జానెడు దాకా మట్టం తగ్గుతుంది. అందుకే వెడల్పాటి చెరువు కంటే లోతైనది మేలు. నేల కింద ఉప్పు ఊట ఉన్నచోట లోతుగా తవ్వితే మాత్రం కొంప మునుగుతుంది, కిందనుంచే ఉప్పు ఊరుతుంది. అలాంటి చోట గట్లు ఎత్తు చేసి, అడుగున పాలిథిన్ పట్టా పరవండి.

వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 2016, 2020 కరువుల్లో ఉప్పు చాలా లోపలికి వచ్చింది. తోటల మధ్య కాలువల్లో ముందే మంచినీళ్లు పట్టి రెండు చివరలా మూసుకున్నవాళ్లకు చెట్లు దక్కే అవకాశం చిక్కింది.

7. ఎగువ నుంచి నీళ్లు అడగండి, లెక్కతో అడగండి

"నీళ్లు వదలండి" అని అర్జీ పెడితే కరువులో ఎవరూ వదలరు. ఎన్ని రోజులు, ఏ వేళకు, ఎంత కావాలో మీ పట్టిక చూపించి అడగండి. నీళ్లు చేరడానికి పట్టే సమయం లెక్కలో ఉండాలి. సెకనుకు అర మీటరు వేగంతో 100 కిలోమీటర్లు రావడానికి దాదాపు 56 గంటలు పడుతుంది. ఉప్పు మీ గుమ్మంలోకి వచ్చాక అడిగితే రెండు మూడు రోజులు ఆలస్యం అయినట్టే.

2005 జనవరిలో చైనాలోని పెర్ల్ నదిలో ఉప్పు ఎగదన్ని మకావు, జుహాయ్ నగరాలకు తాగునీటి ఇబ్బంది వచ్చినప్పుడు ఎంతో దూరాన ఉన్న ఎగువ జలాశయాల నుంచి నీళ్లు వదిలి ఉప్పును నెట్టారు. అలా వదిలినప్పుడు దారి పొడవునా మోటార్లు ఆగితేనే ఫలితం. వదిలిన నీళ్లు మధ్యలోనే తోడేస్తే అడుగున ఉప్పు అంగుళం కూడా కదలదు.

8. నదికి అడ్డుకట్ట

ఇది రెండు రకాలు. మొదటిది నది అడుగున మాత్రమే వేసే దిబ్బ. అడుగు ఉప్పును ఆపుతుంది, పైనుంచి మంచినీళ్లు పారుతుంటాయి, పడవలూ వెళ్తాయి. ఉప్పు అడుగున విడిగా పారే నదులకే ఇది పనికొస్తుంది. నీళ్లు కలిసిపోయే నదుల్లో దీనివల్ల పెద్ద లాభం లేదు. మిసిసిపీలో 1988, 1999, 2012, 2022, 2023లో ఇలాంటి దిబ్బ వేశారు. 2023లో జులైలో వేసిన దిబ్బను సెప్టెంబరులో ఉప్పునీరు దాటేసింది, మళ్లీ ఎత్తు పెంచాల్సి వచ్చింది, దిగువ ఊళ్లకు బార్జిల మీద మంచినీళ్లు తోలారు. అందుకే దిబ్బ వేశాక కూడా కొలవడం మానకండి.

రెండోది ఒక పాయను పూర్తిగా మూసేది. కాలిఫోర్నియా డెల్టాలో వెస్ట్ ఫాల్స్ రివర్ అనే పాయను 2015లోనూ, 2021లోనూ రాళ్లతో మూశారు. ఉప్పు వచ్చే దారుల్లో ఒకటి మూసుకుంటే జలాశయాల నుంచి వదలాల్సిన నీళ్లు ఆదా అవుతాయి.

చిన్న కాలువకో ఏరుకో బస్తాల కట్ట వేసేటప్పుడు ఇవి చూసుకోండి:

- సంబంధిత శాఖ అనుమతి లేకుండా వేయకండి. కిందివాళ్లకు నీళ్లు ఆగినా, పైవాళ్ల పొలాలు మునిగినా బాధ్యత మీదే.
- సన్నగా, తిన్నగా, గట్టి అడుగున్న చోటు ఎంచుకోండి. మడుగు మీద వేయకండి.
- కట్ట మధ్యలో ఒక భాగాన్ని కావాలనే తక్కువ ఎత్తులో, బలహీనంగా ఉంచండి. హఠాత్తుగా వరద వస్తే మొదట అదే కొట్టుకుపోయి దారిస్తుంది.
- తీసే తేదీ వేసే రోజే నిర్ణయించండి, తీసే యంత్రం ఎవరు తెస్తారో కూడా.
- మురుగు కలిసే చోటికి దిగువన కట్ట వేస్తే ఆ మురుగు మీ దగ్గరే నిలుస్తుంది. ముందు దాన్ని మళ్లించండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇసుక తవ్వి నది అడుగును లోతు చేసుకుంటూ, పైన ఏటా కట్టలు కట్టుకుంటూ పోవడం నన్ను చాలా బాధపెడుతుంది. అడుగు ఎంత లోతైతే ఉప్పు అంత సులువుగా పైకి వస్తుంది. ఇన్‌టేక్‌కు దిగువన తవ్వకం జరుగుతుంటే కట్ట కంటే ముందు దాన్ని ఆపించండి.

9. కలిపి వాడటం, జనానికి చెప్పడం

నది నీళ్లు హద్దు దాటినా కొంత వాడుకోవచ్చు. నదిలో క్లోరైడు 600, చెరువులో 50 ఉంటే, 250కి తేవడానికి నది నీళ్లు 36 శాతం, చెరువు నీళ్లు 64 శాతం కలపాలి. లెక్క ఇది: కావలసిన అంకెలోంచి చెరువు అంకె తీసేయండి (200), నది అంకెలోంచి చెరువు అంకె తీసేయండి (550), మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. కలిపాక ట్యాంకు అడుగున కొలవండి, బాగా కలవకపోతే అక్కడ ఉప్పు దిగి ఉంటుంది.

ఊరికి ఈ మాటలు స్పష్టంగా చెప్పండి. కాచితే ఉప్పు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా పెరుగుతుంది. పటిక, బ్లీచింగ్, క్యాండిల్ ఫిల్టరు, గుడ్డ, ఏవీ ఉప్పును తీయవు. ఆర్.ఓ. తీస్తుంది, కానీ అది వదిలే నీళ్లు మరింత ఉప్పగా ఉంటాయి, వాటిని చెరువులోకి వదలకండి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు, గర్భిణులకు, పాలడబ్బా తాగే పసిపిల్లలకు మంచినీళ్లు ముందు కేటాయించండి. ఊళ్లో పాత సీసపు పైపులుంటే ఉప్పునీరు వాటిని తినేసి సీసాన్ని నీళ్లలోకి దించుతుంది. అలాంటి లైనును ముందు ఆపాలి.

రైతులకు రెండు మాటలు. ఉప్పు నీళ్లను ఆకుల మీద చల్లకండి. ఒకసారి పెట్టాక మడి పూర్తిగా ఎండిపోనీయకండి, ఎండితే ఉప్పు పైకి తేలి వేళ్ల దగ్గర పేరుకుంటుంది.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

ఒక్క రీడింగు తగ్గిందని ఏదీ తేల్చకండి. ఒక పోటు నిలకడ రీడింగును దాని ముందు పోటు నిలకడతోనే పోల్చండి, ఈ అమావాస్యను పోయిన అమావాస్యతోనే పోల్చండి. అతి పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి నాడే కాకుండా తర్వాతి ఒకటి రెండు రోజుల్లో కూడా రావచ్చు, ఆ రోజులు దాటకుండా గండం గడిచిందనుకోకండి.

కట్ట పనిచేస్తోందా అన్నదానికి పరీక్ష సులువు. కట్టకు అటూ ఇటూ 50 మీటర్ల దూరంలో, అడుగున, ఒకే వేళకు కొలవండి. దిగువన పెరుగుతూ ఎగువన కదలకుండా ఉంటే బాగుంది. రెండూ కలిసి పెరుగుతుంటే కట్ట కింద నుంచి ఊట పడుతోంది, లేదా ఉప్పు పైనుంచి దాటుతోంది. మధ్య లోతులో కూడా తీస్తే ఏది జరుగుతోందో తెలిసిపోతుంది: మధ్యలో ముందు పెరిగితే దాటుతున్నట్టు, అడుగున మాత్రమే పెరిగితే ఊట.

ఇ.సి. పెరిగింది కానీ క్లోరైడు పెరగలేదా? అప్పుడది సముద్రం కాదు. ఎగువన మురుగో, ఫ్యాక్టరీ నీళ్లో కలుస్తుండొచ్చు. కట్ట వేస్తే ఇంకా పాడవుతుంది, కారణం ఎగువన వెతకండి.

వాన పడ్డాక

మొదటి ప్రవాహం రాగానే తోడేయకండి. అందులో ఒడ్డుల మీద పేరుకున్న ఉప్పు, చెత్త, మురుగు అన్నీ ఉంటాయి. కట్టను వరద ఎత్తుకోకముందే తీయండి. తూములు పాటులో పూర్తిగా ఎత్తి కాలువల్ని కడగండి. సంపు అడుగున మిగిలిన నీళ్లు తోడి పారబోయండి.

పైన తియ్యటి నీళ్లు పరుగెత్తుతున్నా మడుగుల్లో పాత ఉప్పు చాలాకాలం ఉంటుంది. మీ ఇన్‌టేక్ దగ్గరి మడుగులో అడుగు నీళ్లు వరసగా మూడు పోట్లకు ఆపే అంకె కింద ఉన్నాకే మోటారును పాత వేళలకు, ఫుట్‌వాల్వ్‌ను పాత లోతుకు మార్చండి. అప్పటిదాకా డ్రమ్ములు విప్పకండి. పట్టిక ఉన్న నోటుపుస్తకం మీద ఆ సంవత్సరం రాసి, తర్వాత ఆ పనికి వచ్చేవాళ్లకు దొరికేలా ఆఫీసులోనే ఉంచండి.